బోరు బిట్టు, లేత్ టిప్పు, ట్యాంకు గుండు: టంగ్‌స్టన్ ఎక్కడ అరుగుతుంది, ఎందుకు విరుగుతుంది

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, బిస్సంకటక్ వైపు టంగ్‌స్టన్ అన్నిటికన్నా ఎక్కువగా అరిగేది బోరు గోతుల్లో. ఆరున్నర అంగుళాల బిట్టు ముఖం మీద మెరిసే బటన్లు ఉక్కువి కావు, టంగ్‌స్టన్ కార్బైడువి. జయపురం, సునాబేడ టర్నింగ్ షాపుల్లో ఇనుము కోసే లేత్ టిప్పు కూడా అదే సరుకు. కాశీపూర్, దామన్‌జోడి అల్యూమినా ప్లాంట్లలో పైపులు అతికే టిగ్ (ఆర్గాన్ గ్యాసు చాటున ఆర్క్ పట్టే) వెల్డరు టార్చిలో ఉండే సన్నటి కడ్డీ దాదాపు శుద్ధ టంగ్‌స్టన్. యుద్ధట్యాంకు కవచాన్ని చీల్చే గుండులోనూ నూటికి తొంభై పాళ్లు ఈ లోహమే. చేతి పనిలో పనికొచ్చే సంగతులు ముందు రాస్తున్నాను, మిలిటరీ సంగతులు తరవాత.

ఈ లోహానికి మూడు గుణాలు. ఒకటి వేడి: 3,422 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు, లోహాలన్నిటిలో ఇదే ఎక్కువ. రెండు బరువు: ఘన సెంటీమీటరు 19.25 గ్రాములు. సీసం 11.34, ఉక్కు 7.85 మాత్రమే. మూడోది గట్టితనం. ఇది మాత్రం శుద్ధ లోహానికి అంతగా లేదు, కార్బన్ కలిస్తేనే వస్తుంది. అందుకే బజారులో టంగ్‌స్టన్ మూడు వేషాల్లో దొరుకుతుంది: వేడికి శుద్ధ లోహం, కోతకి కార్బైడు, బరువుకి నికెల్, ఇనుము కలిపిన హెవీ అల్లాయ్. ఒకదాని పని ఇంకోటి చెయ్యదు. టిగ్ కడ్డీతో ఇనుము చెక్కలేం, కార్బైడుతో ఆర్క్ పట్టలేం.

కార్బైడు తయారీ గురించి కొంచెం తెలిస్తే అది ఎందుకు విరుగుతుందో అర్థమవుతుంది. టంగ్‌స్టన్ పొడిని మసితో కలిపి 1,400 డిగ్రీలు దాటించి వేడి చేస్తే కార్బైడు పొడి వస్తుంది. అందులో కార్బన్ సరిగ్గా 6.13 శాతం ఉండాలి. తగ్గితే పెళుసు పదార్థం పుడుతుంది, పెరిగితే మధ్యలో గ్రాఫైట్ మచ్చలు మిగులుతాయి. ఆ పొడిలో కోబాల్టు కలిపి, అచ్చులో నొక్కి, సుమారు 1,400 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలేటప్పుడు ముక్క ప్రతి వైపూ 17 నుంచి 20 శాతం కుంచించుకుపోతుంది. చివరికి వచ్చేది పల్లీ చిక్కీ లాంటి సరుకు: పల్లీలు కార్బైడు గింజలు, పాకం కోబాల్టు. కోబాల్టు 6 శాతం ఉంటే గట్టిది, అరుగుదల తక్కువ, దెబ్బకి పగులుతుంది. 12, 15 శాతానికి పెంచితే దెబ్బ తట్టుకుంటుంది కానీ తొందరగా అరుగుతుంది. గ్రేడు ఎంపిక అంతా ఈ బేరమే. ఎక్కువ రేటు పెట్టి కొన్న గ్రేడు ఎక్కువ రోజులు వస్తుందనుకోవడం తప్పు.

బోరు బిట్టు

మన కొండల రాయి రెండు రకాలుగా ఇబ్బంది పెడుతుంది. ఖొండలైటులో క్వార్ట్జ్, గార్నెట్ ఎక్కువ, ఆకురాయిలా అరగదీస్తుంది. నల్లటి చార్నకైటు గట్టిది, దెబ్బ తిరిగి కొడుతుంది. మొదటి దాంట్లో బటన్ చుట్టూ ఉన్న ఉక్కు ముందు కొట్టుకుపోతుంది. బటన్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ పట్టు పోయి ఒకరోజు ఊడి గోతిలో పడుతుంది. ఊడిన బటన్ మీద మిగతావి కొట్టుకుంటే అవి కూడా ముక్కలవుతాయి. కార్బైడుని పగలగొట్టేది ఎక్కువసార్లు ఇంకో కార్బైడే. గోతిలో ఊడిన ముక్క ఉందని అనుమానం వస్తే కొత్త బిట్టు దింపకూడదు. ముందు గాలి ఎక్కువ పెట్టి ఊది, అయస్కాంతంతో వెతికించాలి. కోబాల్టు ఉంటుంది కాబట్టి కార్బైడు కొద్దిగా అంటుకుంటుంది, ఉక్కు ముక్క అయితే గట్టిగా అంటుకుంటుంది.

బటన్ కొన అరిగి చదునవుతుంది కదా, ఆ చదును వెడల్పు బటన్ వ్యాసంలో మూడో వంతుకి వచ్చేసరికి గ్రైండింగ్‌కి తియ్యాలి. 16 మిల్లీమీటర్ల బటన్ మీద చదును 5 మిల్లీమీటర్లు దాటితే ఆపెయ్యడమే. అది దాటాక ఏమవుతుందంటే, మొనతో రాయి చిట్లే బదులు చదునుతో నలుగుతుంది. అడుగు దిగడానికి పట్టే టైము పెరుగుతుంది, కంప్రెషరు డీజిలు తాగుతుంది, బిట్టు వెనకుండి గాలితో కొట్టే హ్యామరు దెబ్బ రాయిలోకి పోక బిట్టులోకే తిరిగొస్తుంది. దాంతో బటన్లు విరగడం, షాంకు (హ్యామరులో దూరే బిట్టు తోక) పగలడం మొదలవుతుంది. గ్రైండింగ్ ఖర్చు మిగిల్చామనుకునే వాళ్లు దానికి ఎన్నో రెట్లు ఇక్కడ పోగొట్టుకుంటారు.

అరుగుదల కనిపించకపోయినా కొన్నిసార్లు తియ్యాలి. అరగదీసే గుణం తక్కువున్న గట్టి రాయిలో బటన్ పాలిష్ పట్టినట్టు నున్నగా మెరుస్తుంది, చూడ్డానికి కొత్తదానిలా ఉంటుంది. భూతద్దంతో చూస్తే పైపొర నిండా సన్నటి గీతలు, వల అల్లినట్టు. దీన్ని స్నేక్ స్కిన్ అంటారు. దెబ్బ వేడికి, నీటి చల్లదనానికి పైపొర అలిసిపోయిందన్నమాట. ఆ పొరని అప్పుడే గీసి పారేస్తే బటన్ బతుకుతుంది, వదిలేస్తే గీతలు లోపలికి దిగి బటన్ నిలువునా చీలుతుంది.

గ్రైండింగ్‌కి డైమండ్ కప్పు, నీరు ధారగా పడుతూ ఉండాలి. బటన్ గుండ్రటిదైతే గుండ్రటి కప్పే, కోసుగా ఉండే బాలిస్టిక్ మొన అయితే దాని కప్పే వాడాలి. అవసరాన్ని మించి కార్బైడు తీసెయ్యకూడదు, ఆకారం తిరిగొస్తే చాలు. చదును మధ్యలో చిన్న చుక్కంత మిగిలినా నష్టం లేదు. చుట్టూ ఉక్కు ఎత్తుగా ఉంటే దాన్ని కొంచెం తగ్గించి బటన్ పైకి తేలేలా చెయ్యాలి.

అంచు వరస బటన్లు అన్నిటికన్నా ముందు అరుగుతాయి, ఎందుకంటే గోతి గోడని రాసుకునేవి అవే. అవి అరిగితే బిట్టు వ్యాసం తగ్గుతుంది, గోతి కింద సన్నబడుతుంది. అలాంటి గోతిలో సగంలో బిట్టు మార్చి కొత్తది దింపితే, సన్నబడిన చోట ఇరుక్కుని కూర్చుంటుంది. హ్యామరుతో సహా పోయిన సందర్భాలు బోరు బళ్ల వాళ్లందరికీ తెలిసినవే. బండిలో ఉన్న బిట్లన్నీ వెర్నియర్‌తో కొలిచి వ్యాసం సుద్దతో రాసుకోవాలి. ఒకే గోతిలో ఎప్పుడూ పెద్దది ముందు, చిన్నది తరవాత.

తిప్పుడు వేగం గట్టి రాయిలో నిమిషానికి 20 నుంచి 30 చుట్లు సరిపోతుంది. తక్కువైతే బటన్లు కొట్టిన చోటే కొడతాయి, ఎక్కువైతే అంచు వరస అరిగిపోతుంది. కిందికి నొక్కే బలం చాలకపోతే హ్యామరు గాల్లో కొట్టినట్టవుతుంది, బటన్లు ఊడడానికి ఇదొక పెద్ద కారణం. రాడ్లు పెరిగేకొద్దీ వాటి బరువు కలుస్తుంది కాబట్టి పైనుంచి నొక్కడం తగ్గించుకుంటూ పోవాలి.

లేత్ టిప్పు, బ్రేజింగ్ (కడ్డీ కరిగించి అతకడం)

షాపుల్లో ఇన్సర్టులు (బిగించి వాడి, అరిగితే మార్చేసే టిప్పులు) వచ్చాక టిప్పు అతికే పని తగ్గింది కానీ పోలేదు. పెద్ద షాఫ్టులు, బుష్షులు, అడ్డదిడ్డం సైజులు వచ్చే చోట ఇప్పటికీ ఇనుప షాంకు (టూలు కాడ) మీద టిప్పు అతుకుతారు. అతికిన టిప్పు పగలడానికి ముఖ్య కారణం ఒక్కటే. వేడికి ఉక్కు ఎంత సాగుతుందో కార్బైడు అందులో సుమారు సగమే సాగుతుంది. చల్లారేటప్పుడు ఉక్కు ఎక్కువ ముడుచుకుని టిప్పుని వంచుతుంది. కార్బైడు వంగదు, పగులుతుంది.

దీనికి మందు తక్కువ వేడిలో అతకడం, నెమ్మదిగా చల్లార్చడం. ఇత్తడి కడ్డీ, వెలిగారంతో అతికితే దాదాపు 900 డిగ్రీలకి పోవాలి, అంత ఎత్తునుంచి చల్లారితే లోపల ఒత్తిడి ఎక్కువ మిగులుతుంది. నికెల్, మాంగనీసు కలిసిన 49 శాతం వెండి కడ్డీ 700 డిగ్రీల దగ్గరే పారుతుంది. వెండి ధర చూసి భయపడతారు గానీ ఒక టిప్పుకి పట్టేది చిటికెడే. ఈ వేడికి వెలిగారం పూర్తిగా కరగదు కాబట్టి ఫ్లోరైడు ఉన్న ఫ్లక్సు (అతుకు చోటు శుభ్రం చేసే మందు) కావాలి, కార్బైడుకి నల్ల ఫ్లక్సు మేలు. ఆ పొగ పీల్చకూడదు. ఫ్రిజ్ మెకానిక్కుల దగ్గర దొరికే రాగి, భాస్వరం కడ్డీ చౌక అని దాంతో అతికేవాళ్లున్నారు. రాగి గొట్టాలకి అది బ్రహ్మాండం. ఉక్కు మీద మాత్రం భాస్వరం ఇనుముతో కలిసి పెళుసు పొర కడుతుంది, మొదటి గట్టి కోతకే టిప్పు ఎగిరిపోతుంది.

టిప్పు అడుగు ఆకుపచ్చ గ్రైండింగ్ రాయి మీద తేలిగ్గా రుద్ది, థిన్నరుతో కడిగి, ఆ తరవాత వేలితో ముట్టకూడదు. మంట కింద నుంచి షాంకుకి పెట్టాలి, టిప్పు మీద నేరుగా కాదు. ఎక్కువసేపు గాలిలో ఎర్రగా కాలిస్తే కార్బైడు పైన పసుపుపచ్చటి పొడి లేస్తుంది, అది టంగ్‌స్టన్ ఆక్సైడ్, దాని మీద ఏదీ అతకదు. కడ్డీ పారగానే టిప్పుని ఒకసారి ముందుకీ వెనక్కీ జరిపితే ఇరుక్కున్న ఫ్లక్సు బయటికొస్తుంది. మధ్యలో 0.1 మిల్లీమీటరు మందాన పొర మిగలాలి, బిగించి నొక్కేస్తే ఒత్తిడి మింగే మెత్తటి పొరే ఉండదు. పెద్ద టిప్పులకి వెండి, రాగి, వెండి మూడు పొరల రేకు మధ్యలో పెడతారు. అయ్యాక పొడి సున్నంలో గానీ బూడిదలో గానీ పాతిపెట్టి వదిలెయ్యాలి. నీళ్లలో ముంచితే అంతే సంగతులు.

పదును పెట్టేటప్పుడూ ఇదే తప్పు జరుగుతుంది. మామూలు గోధుమరంగు రాయి కార్బైడుని కోయదు, వేడెక్కిస్తుంది. ఆకుపచ్చ సిలికాన్ కార్బైడు రాయి గానీ డైమండ్ చక్రం గానీ కావాలి. డైమండ్ చక్రానికి షాంకు ఉక్కు తగలనివ్వొద్దు, చక్రం పూడుకుపోతుంది. నీళ్లు వాడితే ధారగా వాడాలి, లేకపోతే అసలు వద్దు. వేడి టిప్పుని మధ్యమధ్యలో డబ్బాలో ముంచడం వల్లే అంచు మీద కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. ఆ దుమ్ములో కోబాల్టు ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు వస్తుంది. ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, సరైన మాస్కు కావాలి.

కోతలో ఇంకో రెండు సంగతులు. కార్బైడుకి తక్కువ వేగం పడదు, పొట్టు అంచుకి అంటుకుని అంచుని పీక్కుపోతుంది. 50 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ కడ్డీకి నిమిషానికి 120 మీటర్ల వేగం అంటే సుమారు 760 చుట్లు. రెండోది, టూలు కోతలో ఉండగా మిషన్ ఆపకూడదు. ముందు టూలు వెనక్కి, తరవాత స్విచ్చి.

సునాబేడలో విమాన ఇంజన్ల పని చుట్టూ ఉన్న షాపులకి లెక్క వేరు. అక్కడి హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) డివిజన్ మిగ్-21 ఇంజన్లతో మొదలై ఇప్పుడు సుఖోయ్-30 ఏఎల్-31ఎఫ్‌పీ ఇంజన్లు తయారు చేస్తోంది. 240 ఇంజన్ల ఒప్పందం 2024 సెప్టెంబరులో కుదిరింది. ఇంజన్ వేడి భాగాల్లో నికెల్ మిశ్రమాలు ఉంటాయి. అవి కోస్తుంటే గట్టిపడతాయి, వేడి పొట్టుతో పోక టిప్పు మొనలోనే ఉండిపోతుంది. ఉక్కుని నిమిషానికి 200 మీటర్ల వేగంలో కోసే టిప్పు ఇక్కడ 30 నుంచి 50 మీటర్లకి దిగాలి. టిప్పు మొన దగ్గర కన్నా, కోత లోతు ముగిసే గీత దగ్గర ముందు గాడి పడి పాడవుతుంది. కోతకీ కోతకీ లోతు కొంచెం మారిస్తే ఆ గాడి ఒకే చోట పడదు.

టిగ్ కడ్డీ

ఎర్ర కొన ఉన్న కడ్డీలో 2 శాతం థోరియం ఆక్సైడ్ ఉంటుంది, అది రేడియోధార్మిక పదార్థం. వెల్డింగ్ చేసేటప్పుడు ప్రమాదం తక్కువే, గ్రైండింగ్ దుమ్ము పీలిస్తేనే ఇబ్బంది. బంగారు రంగు, నీలం రంగు కొనల లాంథనం కడ్డీలు అదే పని చేస్తాయి. అవి దొరుకుతుంటే ఎర్రది ఎందుకు కొనడమో నాకు అర్థం కాదు, అలవాటు తప్ప.

2.4 మిల్లీమీటర్ల కడ్డీకి మొన పొడవు 5, 6 మిల్లీమీటర్లు ఉండాలి. గీతలు కడ్డీ పొడవునా పడేలా గ్రైండ్ చెయ్యాలి. అడ్డంగా పడితే ఆర్క్ గీత వెంట తిరుగుతూ ఊగుతుంది. ఉక్కు రుద్దిన చక్రం మీద దీన్ని రుద్దకూడదు, వేరే చక్రం పెట్టుకోవాలి. ఆర్క్ ఆపాక కడ్డీ నీలంగా, నల్లగా మారుతోందంటే ఆర్గాన్ ముందే ఆగిపోతోంది లేదా గొట్టంలో గాలి దూరుతోంది. ప్రతి 10 ఆంపియర్లకి ఒక సెకను చొప్పున గ్యాసు రానివ్వాలి. 120 ఆంపియర్లకి 12 సెకన్లు. కడ్డీ కొన కరిగిన లోహంలో ముంచితే ఆగి, కొన విరగ్గొట్టి, మళ్లీ మొన తియ్యాలి. వెల్డులో ఉండిపోయిన టంగ్‌స్టన్ ముక్క రేడియోగ్రఫీ ఫిల్ములో తెల్లటి చుక్కగా పట్టిస్తుంది, ఎందుకంటే అంత బరువైన లోహం కిరణాలని ఆపేస్తుంది. వేడి కాస్టిక్ సోడా పారే పైపులో ఆ చుక్కకి ఇన్‌స్పెక్టరు మాఫీ ఇవ్వడు.

మిలిటరీ వాడకం

కవచం చీల్చే గుండులో పేలుడు మందు ఉండదు. పొడవాటి సన్నటి కడ్డీ, తోకకి రెక్కలు, చుట్టూ, ఫిరంగి గొట్టం దాటగానే ఊడిపోయే అల్యూమినియం తొడుగు. సెకనుకి 1,600 మీటర్లకి పైగా వేగంతో తగిలేసరికి ఉక్కు కూడా ద్రవంలా పక్కకి తొలుగుతుంది. అంత వేగంలో కడ్డీ ఎంత లోతుకి దిగుతుందన్నది ఉరామరిగా కడ్డీ పొడవుని రెండు లోహాల సాంద్రతల నిష్పత్తికి వర్గమూలంతో గుణిస్తే వస్తుంది. హెవీ అల్లాయ్ 17.5, ఉక్కు 7.85. నిష్పత్తి 2.23, వర్గమూలం దాదాపు 1.5. ఉక్కు కడ్డీతో పోలిస్తే అదే పొడవుకి ఒకటిన్నర రెట్లు. వేగం ఇంకా పెంచినా ఇంతకన్నా పెద్దగా రాదు, అందుకే దేశాలన్నీ బరువు వెంట, పొడవు వెంట పడ్డాయి. అమెరికా శుద్ధి చేశాక మిగిలిన యురేనియం కూడా వాడుతుంది. అది దిగుతూ తన మొన తనే పదును పెట్టుకుంటుంది, టంగ్‌స్టన్ మొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. మన దేశం టంగ్‌స్టన్ దారే పట్టింది. హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన సంస్థ డీఎంఆర్‌ఎల్ సాంకేతికతతో తిరుచిరాపల్లి హెవీ అల్లాయ్ పెనిట్రేటర్ ప్రాజెక్టులో ఈ కడ్డీలు తయారవుతాయి.

శుద్ధ టంగ్‌స్టన్ మామూలు వేడిలో పెళుసు, తొడుగులోంచి బయటపడే కుదుపుకే విరిగిపోతుంది. అందుకే 90 నుంచి 95 శాతం టంగ్‌స్టన్‌లో నికెల్, ఇనుము కలుపుతారు. చిక్కీ లెక్క ఇక్కడా అంతే, పాకం మాత్రం మారింది. ఆ పాకంలో హైడ్రోజన్ గానీ భాస్వరం, గంధకం గానీ ఇరుక్కుంటే కడ్డీ పెళుసుబారుతుంది. తయారీలో తలనొప్పి అంతా అక్కడే.

రెండో వాడకం తునకలు. గోపాల్‌పూర్ తీరాన సైన్యం వాయు రక్షణ కళాశాల ఉంది. ఆ రంగంలో డ్రోన్లకి ఇప్పుడు ఎక్కువ వినిపించే జవాబు గాలిలో విచ్చుకునే గుండు. జర్మన్ రైన్‌మెటల్ వారి 35 మిల్లీమీటర్ల అహెడ్ గుండులో 3.3 గ్రాముల టంగ్‌స్టన్ ముక్కలు 152 ఉంటాయి, లక్ష్యానికి కాస్త ముందు విడిపోయి జల్లుగా తగులుతాయి. చిన్న ముక్కకి బరువు ఎక్కువైతే గాలిలో వేగం తొందరగా తగ్గదు, ఉక్కు కన్నా ఇదే కావాలనడానికి కారణం అది.

మిగతావి త్వరగా: విమానం రెక్క పలకల్లో, హెలికాప్టర్ బ్లేడు కొనల్లో తూకం సరిచేసే బరువులు. రాకెట్ నాజిల్ గొంతులో రాగి పీల్చిన టంగ్‌స్టన్, లోపలి రాగి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. ఇదే రాగి, టంగ్‌స్టన్ జోడీ సబ్‌స్టేషన్ బ్రేకర్ల ఆర్కింగ్ కాంటాక్టుల్లో ఉంటుంది. ఎక్స్‌రే గొట్టంలో ఎలక్ట్రాన్లు కొట్టే పళ్లెం కూడా ఇదే.

రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి టంగ్‌స్టన్ పోర్చుగల్, స్పెయిన్ల నుంచి వచ్చేది. 1944 జూన్‌లో పోర్చుగల్ ఎగుమతి ఆపింది. అప్పటికే జర్మనీ ఉన్న కాస్త సరుకునీ గుండ్లకి కాక మిషన్ టూళ్లకి మళ్లించింది. టూలు లేకపోతే తుపాకీ గొట్టమే తయారుకాదు కదా, ఆ నిర్ణయం సరైనదే.

సరుకు ఎక్కడిది, తుక్కు ఎక్కడికి

ప్రపంచంలో తవ్వే టంగ్‌స్టన్‌లో నూటికి ఎనభై పాళ్లు చైనాది. 2025 ఫిబ్రవరి 4న చైనా దీని ఎగుమతికి లైసెన్సు పెట్టింది. చైనాలో తవ్విన టంగ్‌స్టన్ కూడా తమ రక్షణ కొనుగోళ్లలో ఉండకూడదన్న అమెరికా నిబంధన 2027 జనవరి 1 నుంచి అమలు. మన దేశం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో ఇది ఉంది. రాజస్థాన్ దేగానా గని మూతపడి చాలా ఏళ్లయింది, మహారాష్ట్రలో నాగపూర్ దగ్గర కుహి, ఖోబ్నా ప్రాంతంలోనూ, తూర్పుగోదావరి తపసికొండ వైపూ నిక్షేపాలు గుర్తించారు. వాడకం మాత్రం దాదాపు అంతా దిగుమతే.

ఈ లెక్కలో అరిగిన బిట్టు, విరిగిన ఇన్సర్టు పాత ఇనుము కొట్టులో ఇనుము రేటుకి పోవడం దండగ. కార్బైడు తుక్కుని కరిగించిన జింకులో ముంచితే జింకు కోబాల్టులోకి దూరి ముక్కని ఉబ్బించి పొడిపొడి చేస్తుంది. జింకుని ఆవిరి చేసి తీసేస్తే మిగిలిన పొడి మళ్లీ టిప్పులకి పనికొస్తుంది. అందుకే దీనికి కిలో లెక్కన వేరే ధర ఉంటుంది, ఇనుముకన్నా ఎన్నో రెట్లు.

కార్బైడా, హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) ముక్కా అన్నది తేల్చడానికి గ్రాముల తూకం యంత్రం చాలు. ముక్కని పొడిగా తూచండి, 60 గ్రాములనుకుందాం. తూకం మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చెయ్యండి. ముక్కని దారానికి కట్టి, అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. తూకం 4.2 చూపిస్తే 60 బై 4.2, అంటే 14.3. కార్బైడే. మామూలు ఉక్కయితే 7.7 చూపిస్తుంది, భాగిస్తే 7.8 వస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్ అయితే 8, 9 మధ్య వస్తుంది. 17 పైన వస్తే హెవీ అల్లాయ్. గోపాల్‌పూర్ ఫైరింగ్ రేంజి వైపునుంచి వచ్చిన ముక్కలైతే తూచడం కాదు, ముట్టుకోకూడదు. అందులో పేలనిది ఉండొచ్చు, పోలీసులకి చెప్పాలి.

విడి ఇన్సర్టులు ఒక డబ్బా, ఊడిన బటన్లు ఒక డబ్బా, షాంకుకి అతికి ఉన్న టిప్పులు ఇంకోటి. అతుకు ఉన్నవాటికి ధర తక్కువే వస్తుంది, వెండి, ఉక్కు విడదీసే ఖర్చు కొనేవాడిది కాబట్టి. కానీ శుభ్రమైన డబ్బాలో అలాంటివి నాలుగు కలిస్తే మొత్తం డబ్బాకి ఆ తక్కువ ధరే కడతాడు. టిగ్ కడ్డీ ముక్కలు కార్బైడులో కలపొద్దు, ఎర్ర కొనవి వాటిలో కూడా కలపొద్దు.